ఆకు పేరుతో పాటు చెప్పినవారి పేరూ రాద్దాం

ఈశాన్య రుతుపవనాలు మొదలైన రెండు మూడు వారాలకు చెన్నైలో ఏ బడి ప్రహరీ గోడ వారన చూసినా పచ్చగా ఉంటుంది. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు. నేల ఉసిరి, కుప్పింటాకు, ఉత్తరేణి, అటికమామిడి, గుంటగలగర, తుమ్మి వాటంతటవే లేచి నిలబడతాయి. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే ముందు పీకేసేది వాటినే. అదే సమయానికి తరగతి గదిలో మేము మందార పువ్వు బొమ్మ గీసి రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, కేసరాలు, అండకోశం అని భాగాలు రాయిస్తుంటాం. పిల్లలు చక్కగా రాస్తారు. గేటు పక్కన మొలిచిన మొక్క పేరేమిటని అడిగితే మాత్రం 'గడ్డి టీచర్' అంటారు.

అది పిల్లల తప్పు కాదు. ఆ పేర్లు పుస్తకంలో లేవు. పేర్లు తెలిసిన అవ్వ ఊళ్ళో ఉండిపోయింది, లేదా ఇంట్లోనే ఉన్నా అడిగేవాళ్ళు లేరు. తమిళనాడులో తెలుగు మాధ్యమంలో చదివే పిల్లల సంఖ్య ఏటికేడు తగ్గుతున్న సంగతి ఈ పేజీ చదివే తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు మేము కొత్తగా చెప్పక్కర్లేదు. సెక్షన్లు, పోస్టులు, పాఠ్యపుస్తకాల గురించి మనం గట్టిగానే మాట్లాడుతున్నాం. వాటితో పాటే చడీచప్పుడు లేకుండా పోతున్నది ఇంకొకటి ఉంది. అది నేల గురించి మన భాషలో ఉన్న ఎరుక. దాన్ని తరగతి గదిలోకి తెచ్చుకోవడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. అడగడం తెలిస్తే చాలు. ఎవరిని అడుగుతున్నాం, అడిగినవారిని ఎలా గౌరవిస్తున్నాం అన్నదే అసలు విషయం.

పేరులోనే పాఠం

పుట్టగొడుగు అనే మాటను ఒక్కసారి విడదీసి చూడండి. పుట్ట, గొడుగు. చెదపురుగుల పుట్టల మీద లేచే గొడుగులను చూసినవారు పెట్టిన పేరది. చెదలు తమ పుట్టలోపల ఒక రకం శిలీంధ్రాన్ని పెంచుకుంటాయని, వానలు పడ్డాక అదే పైకి గొడుగులా వస్తుందని శాస్త్రవేత్తలు పరిశోధించి చెప్పారు. పుట్టకూ గొడుగుకూ ఉన్న సంబంధాన్ని మన ముందటివారు ఒక్క మాటలో పెట్టి మనకిచ్చారు. ఆ మాట తెలిసిన పిల్లవాడికి సగం పాఠం అప్పటికే వచ్చినట్టు.

నేల ఉసిరి సంగతి ఇంకా బాగుంటుంది. ఆకుల అమరిక ఉసిరి చెట్టును పోలి ఉంటుంది, మొక్క మాత్రం జానెడే. అందుకే మనవాళ్ళు నేల ఉసిరి అన్నారు. తమిళంలో దాని పేరు కీళానెల్లి. నెల్లి అంటే ఉసిరి, కీళ్ అంటే కింద. ఆ మొక్క కొమ్మను తిప్పి చూస్తే ఆకుల కింద వరసగా ఆవగింజల్లాంటి కాయలు వేలాడుతుంటాయి. రెండు భాషలూ దాన్ని ఉసిరితోనే పోల్చాయి. వృక్షశాస్త్రం కూడా ఈ చిన్న మొక్కను, ఉసిరి చెట్టును ఒకే ప్రజాతిలో, ఫిల్లాంథస్‌లో, చేర్చింది. తెలుగు, తమిళం రెండూ వచ్చిన మన చెన్నై పిల్లలకు ఒకే మొక్క మీద రెండు పరిశీలనలు ఉచితంగా దొరుకుతున్నాయి. రెండు భాషల మధ్య బడి నడపడం భారమని అంటుంటాం. ఇక్కడ అదే లాభం.

ఇలాంటివి వీధి నిండా ఉన్నాయి. మన రోడ్ల మీద నీడనిచ్చే పెద్ద చెట్టును మనం నిద్రగన్నేరు అంటాం. సాయంత్రం కాగానే దాని ఆకులు ముడుచుకుంటాయి. తమిళంలో దాన్ని తూంగుమూంజి అంటారు, అంటే నిద్రమొహం. ఇది మన చెట్టు కూడా కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. అయినా చూసి పేరు పెట్టే అలవాటు ఉన్న జనం కొత్తగా వచ్చిన చెట్టుకూ పేరు పెట్టారు. డెంగీ రోజుల్లో తమిళనాడు ప్రభుత్వం పంచిన నిలవేంబు కషాయం అందరికీ తెలుసు. నిలవేంబు అన్నా, మనం అనే నేలవేము అన్నా ఒకటే మొక్క, ఒకటే అర్థం. రుచి చూసినవారికి ఆ పేరు ఎందుకొచ్చిందో వివరించాల్సిన పనిలేదు.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. అమెరికాలో పొటవాటమి అనే ఆదివాసీ జాతికి చెందిన వృక్షశాస్త్రవేత్త రాబిన్ వాల్ కిమ్మరర్ 2013లో 'బ్రెయిడింగ్ స్వీట్‌గ్రాస్' అనే పుస్తకం ప్రచురించారు. పుట్టగొడుగును రాత్రికి రాత్రి నేలలోంచి పైకి నెట్టే శక్తికి తన పూర్వీకుల భాషలో ఒక మాట ఉందని, తాను విశ్వవిద్యాలయంలో నేర్చిన శాస్త్ర పరిభాషలో దానికి సాటి మాట లేదని ఆమె అందులో రాశారు. ఆ భాష మాట్లాడేవారు కొద్దిమందే మిగిలారన్న బాధ కూడా ఆ పుస్తకంలో ఉంది. భాష పోతే మాట ఒక్కటే పోదు, ఆ మాటతో చూసే చూపు కూడా పోతుంది.

బస్సు బోర్డుల మీద చెట్లు

మన నగరంలో పాఠం మొదలుపెట్టడానికి అడవికి వెళ్ళక్కర్లేదు, బస్సు ఎక్కితే చాలు. తిరువల్లిక్కేణి పేరులో అల్లి ఉంది. అల్లిపూల కోనేరు ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. తెలుగులోనూ అది అల్లిపూవే, కలువకు మరో పేరు. పురసైవాక్కంలోని పురసు మన మోదుగ. పెళ్ళిళ్ళలో మోదుగ విస్తరిలో తిన్న తాతయ్యలు ఇంకా మన ఇళ్ళలో ఉన్నారు. తేనాంపేటలో ఉన్నది తెన్నై, కొబ్బరి చెట్టు. మన టెంకాయలో ఉన్నదీ ఆ మాటే.

గుళ్ళ దగ్గర స్థలవృక్షాలు ఉంటాయి. మైలాపూరు కపాలీశ్వరుడి గుడిలో పొన్న, తిరువాన్మియూరు మరుందీశ్వరుడి గుడిలో జమ్మి. మరుందు అంటే మందు. అగస్త్యుడికి శివుడు మందుల గురించి ఉపదేశించింది అక్కడేనని స్థలపురాణం చెబుతుంది. పిల్లల మతం ఏదైనా ఇవి ఊరి చరిత్ర పాఠాలుగా, చెట్ల పాఠాలుగా ఉపయోగపడతాయి. వినాయక చవితి పత్రి కూడా అంతే. మారేడు, ఉత్తరేణి, వావిలి, జిల్లేడు, ఉమ్మెత్త, రేగు, మద్ది, జమ్మి అంటూ 21 ఆకుల జాబితా తెలుగువారి ఇళ్ళలో తరతరాలుగా నడుస్తోంది. పూజ సంగతి ఎవరి ఇంట్లో వారిది. బజారులో కట్టగా అమ్మే పత్రిలో నిజంగా ఎన్ని రకాలున్నాయి, వాటిలో ఏది ఏదో గుర్తుపట్టగలమా అన్న ప్రశ్న మాత్రం ఏ తరగతిలోనైనా మంచి సైన్సు పీరియడ్ అవుతుంది.

నేల ఎరిగినవారు మన పక్కనే

పేర్ల దగ్గర ఆగిపోతే ఇది పదకోశం అవుతుంది కానీ చదువు కాదు. మొక్క ఎక్కడ మొలుస్తుంది, ఏ నెలలో పూస్తుంది, ఏ భాగం పనికొస్తుంది, ఎంత తీసుకుంటే మొక్క చావకుండా ఉంటుంది అన్నది రోజూ నేలతో బతికేవారికే తెలుస్తుంది. చెన్నై చుట్టూ అలాంటివారు ఇద్దరున్నారు. చెంగల్పట్టు, కాంచీపురం, తిరువళ్ళూరు జిల్లాల్లో ఇరుళర్లు, ఉత్తరాన పులికాట్ దాటితే నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో యానాదులు. యానాదులు మాట్లాడేది తెలుగే. సరిహద్దు పల్లెల్లోని ఇరుళర్ల మాటలో తమిళంతో పాటు తెలుగు వినిపిస్తుంది. అంటే ఈ జ్ఞానంలో ఎంతో భాగం మన పిల్లలకు అర్థమయ్యే భాషలోనే ఉంది.

చెంగల్పట్టు దగ్గర తండరైలో ఇరుళ గిరిజన మహిళా సంక్షేమ సంఘం ఉంది. 1986లో మొదలైంది. అక్కడి ఆడవాళ్ళు మందు మొక్కల నర్సరీ పెంచుతారు, మూలికలతో మందులు తయారు చేస్తారు. ఒకనాడు అడవిలో తిరిగి తెలుసుకున్నదాన్ని ఈనాడు నారుమళ్ళలో నిలబెట్టుకున్న చోటది.

తూర్పు తీర రహదారి మీద వడనెమ్మేలిలో ఇరుళర్ల పాములు పట్టేవారి సహకార సంఘం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత పాము చర్మాల వ్యాపారం ఆగిపోయి వారికి పని లేకుండా పోయింది. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో ఈ సంఘం ఏర్పడింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర — ఈ నాలుగింటి నుంచి విషం తీసి, కొన్నాళ్ళకు పాములను తిరిగి వదిలేస్తారు. పాముకాటుకు ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు తయారీకి ఆ విషమే ముడిసరుకు. ఆ సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్ 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్ళి అక్కడి చిత్తడి నేలల్లో కొండచిలువలను ఎలా పట్టాలో చూపించారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. గడ్డి వంగిన తీరు, మట్టి మీద జాడ, కలుగు నోటి దగ్గర పొలుసు చూసి చదివే చదువు వారిది. ఏ డిగ్రీ పుస్తకంలోనూ అది పూర్తిగా దొరకదు.

ఉత్తరాన శ్రీహరికోట సంగతి మన తెలుగు పిల్లలకు రాకెట్ల వల్ల తెలుసు. 1971లో అక్కడి నుంచి మొదటి రాకెట్ లేవకముందు ఆ దీవి యానాదుల ఇల్లు. తేనె, దుంపలు, మూలికలు, చేపలతో వారు అక్కడ బతికారు. కంపెనీ కాలంలో మద్రాసు పట్నం పొయ్యిల్లోకి వంటచెరకు వెళ్ళింది ఆ దీవి అడవి నుంచే. అంతరిక్ష కేంద్రం వచ్చాక చాలా కుటుంబాలు దీవి విడిచి బయటికి రావలసి వచ్చింది. రాకెట్ పాఠం చెప్పే రోజున ఈ రెండు మాటలు కూడా చెబితే ఆ పాఠానికి నేల దొరుకుతుంది.

ఎగ్మూరు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారి సాయంతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించారు. ఏడో సంపుటిలో యానాదుల అధ్యాయం ఉంది. తరువాత నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య వారి హక్కుల కోసం పనిచేస్తూ వారి గురించి రాశారు. ఈ రెండు రకాల రాతలకూ మధ్య చాలా దూరం ఉంది. మొదటిది చూసి రాసింది, రెండోది పక్కన నిలబడి రాసింది. మన తరగతి గది మూడో మెట్టు ఎక్కాలి. వారు చెబితే మనం రాసుకోవాలి.

ఈ దారిలో మన తెలుగు నేల మీద ఒక ముందడుగు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. సవర, కువి, కోయ, గోండి, కొలామీ సహా ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు వాచకాలు తయారు చేశారు. ఆయా ఊళ్ళవారితో కూర్చుని వారి పాటలు, పంటలు, అడవి, పండుగలనే పాఠాలుగా పెట్టారు. పిల్లవాడికి ఇంట్లో తెలిసినదాని నుంచి బడి మొదలవ్వాలన్నది దాని సూత్రం. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా బడి బయటి జీవితంతో చదువును కలపాలన్నదాన్ని తన మొదటి సూత్రంగా పెట్టుకుంది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. మాతృభాష కావాలని మనం అడిగేటప్పుడు ఆ భాషలో ఏముందో చూపించగలిగితే మన మాటకు బలం వస్తుంది.

ఎవరి జ్ఞానం అది?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దాన్ని దాటవేస్తే చేసే పనంతా చెడుతుంది.

1987లో కేరళలోని అగస్త్యమల అడవుల్లోకి వెళ్ళిన శాస్త్రవేత్తలకు దారి చూపించడానికి కాణి గిరిజనులు తోడు వచ్చారు. ఎంత నడిచినా అలసిపోకుండా వారు మధ్యమధ్యలో ఏవో కాయలు నములుతున్నారు. ఏమిటని అడిగితే మొదట చెప్పడానికి ఇష్టపడలేదు. బయటివారికి చెప్పకూడదన్నది వారి కట్టుబాటు. చివరికి చూపించిన మొక్క ఆరోగ్యపచ్చ. దానితో పాలోడులోని ఉష్ణమండల వృక్ష పరిశోధన సంస్థ జీవని అనే మందు తయారు చేసి, 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి 10 లక్షల రూపాయలకు హక్కు ఇచ్చింది. అందులో సగం, అమ్మకాల మీద వచ్చే రెండు శాతం రాయల్టీలో సగం కాణీలకు ఇవ్వాలని నిర్ణయించారు. ఆ సొమ్ము కోసం 1997లో కాణీల ట్రస్టు రిజిస్టరైంది. చెప్పినవారికి వాటా ఇచ్చిన తొలి ఉదాహరణల్లో ఒకటిగా ప్రపంచమంతా దీన్ని చెప్పుకుంటుంది. అయినా ఆ రహస్యం చెప్పే హక్కు ఆ ఇద్దరు ముగ్గురికి ఉందా అని కాణీల్లోనే కొందరు ప్రశ్నించారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

పసుపు కథ అందరికీ తెలిసిందే. గాయానికి పసుపు రాయడం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు చూపించి వాదించాక 1997లో అది రద్దయింది. పుస్తకంలో రాసి ఉంది కాబట్టి పసుపు నిలిచింది. నోటి మాటగానే ఉన్న ఇరుళర్ల, యానాదుల జ్ఞానానికి అలాంటి సాక్ష్యం ఎక్కడుంది? 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు తయారు చేయాలి. ఏ మొక్క ఎక్కడుంది, దాని గురించి ఎవరికి ఏం తెలుసు అన్నది వాటిలో నమోదవుతుంది. మన పిల్లల నోటు పుస్తకం దానికి చిన్న తమ్ముడు లాంటిది.

అందుకే మేము ఒక నియమం పెట్టుకుందామంటున్నాం. మొక్కల నోటు పుస్తకంలో ఐదు గడులు గీయించాలి. తెలుగు పేరు, తమిళ పేరు, ఎక్కడ మొలిచింది, ఏం చూశాం, ఎవరు చెప్పారు. చివరి గడి ఖాళీగా ఉంటే ఆ వరస పూర్తి కానట్టే. చెప్పినవారు వద్దంటే రాయకూడదు. ఏ మందు ఎలా చేస్తారో అడిగి రాయించుకుని ప్రదర్శనలో అట్టముక్క మీద అతికించడం మన పని కాదు. చెప్పినవారి అనుమతి లేనిది గోడ మీదికి ఎక్కకూడదు.

ఈ గడి తరగతిని ఎలా మారుస్తుందో మేము చూశాం. ఒకసారి ఆరో తరగతి పిల్లలను గోడవారకు తీసుకెళ్ళి తెలిసిన మొక్కల పేర్లు చెప్పమన్నాం. మార్కుల్లో ముందుండేవాళ్ళు రెండు మూడు పేర్ల దగ్గర ఆగిపోయారు. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి తొమ్మిది చెప్పింది. ఎలా తెలుసమ్మా అంటే, 'మా అవ్వ కలుపుకు పొయ్యేది టీచర్, నేనూ పొయ్యేదాన్ని' అంది. ఆ తొమ్మిది వరసల్లోనూ చివరి గడిలో వాళ్ళ అవ్వ పేరు చేరింది. తరువాతి వారం నుంచి మిగతా పిల్లలు ఆ అమ్మాయి బెంచీ దగ్గరికి పోయి అడగడం మొదలుపెట్టారు.

తెలుగు బడులకు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది రోజు కూలి చేసుకునే కుటుంబాల పిల్లలే. ఇటుక బట్టీల నుంచి, పారిశుధ్య కార్మికుల కాలనీల నుంచి, వలస వచ్చిన ఇళ్ళ నుంచి వస్తారు. వారిలో కొందరు మధ్యలోనే మానేస్తారు. తమ ఇంట్లో తెలిసినదేదీ బడికి పనికిరాదని బడే రోజూ చెబుతుంటే ఆ పిల్లలు ఎంతకాలం నిలుస్తారు? అవ్వ పేరు నోటు పుస్తకంలోకి ఎక్కడం చిన్న విషయమే. కానీ ఆ పిల్లకు బడిలో చోటు ఉందని చెప్పేది అదే.

బడిలో ఎలా మొదలుపెట్టాలి?

మొదటిది, గజం నేల. ఐదుగురు పిల్లలకు ఒక మీటరు చదరం చొప్పున తాడు కట్టి ఇవ్వండి. ఏమీ నాటవద్దు, ఏమీ పీకవద్దు. జూన్ ఎండలో ఏముంది, అక్టోబరు వానకు ఏం మొలిచింది, జనవరికి ఏది విత్తనం పెట్టింది అని వారానికోసారి రాయిస్తే చాలు. స్థలమే లేని బడిలో పాత బకెట్‌లో మట్టి నింపి పెట్టినా గాలికి వచ్చిన విత్తనాలు మొలుస్తాయి.

రెండోది, పెద్దల పీరియడ్. నెలకొకసారి ఒక అవ్వనో తాతనో పిలవండి. నిలబెట్టి మాట్లాడించకండి, టీచరు కుర్చీలో కూర్చోబెట్టండి. ఇరుళర్లో యానాదులో వస్తే బస్సు ఛార్జీతో పాటు ఆ రోజు కూలికి తగ్గకుండా గౌరవ వేతనం ఇవ్వాలి. పాఠం చెప్పడానికి వచ్చిన ఏ అతిథికైనా ఇచ్చేదే వారికీ. తల్లిదండ్రుల సంఘం తలా కొంచెం వేసుకుంటే ఇది పెద్ద మొత్తమేమీ కాదు.

మూడోది, అన్ని సబ్జెక్టుల్లోకీ తేవడం. ఆకును గ్రాఫు కాగితం మీద పెట్టి వైశాల్యం లెక్క కట్టడం గణితం. బస్సు బోర్డుల మీది చెట్లు సాంఘిక శాస్త్రం. తమిళ పేరు వెతకడం తమిళ టీచరుతో కలిసి చేసే పని. అవ్వ చెప్పినదాన్ని అవ్వ మాటల్లోనే రాయడం తెలుగు వ్యాసం. ఒకే మొక్కకు రెండు మూడు పేర్లు వస్తే కంగారు పడకండి. ఒకరు అత్తిపత్తి అంటారు, ఇంకొకరు సిగ్గాకు అంటారు. తమిళ పిల్లలు తొట్టాల్ సిణుంగి అంటారు. మూడూ రాయించండి. ఏది సరైన తెలుగు అని తీర్పు చెప్పకండి.

నాలుగోది, బయటి నడక. గిండీ జాతీయ ఉద్యానం దాదాపు 270 హెక్టార్ల అడవి, నగరం నడిబొడ్డున ఉంది. ఈ తీరంలో ఒకప్పుడు విరివిగా ఉన్న పొడి సతతహరిత అడవికి అది మిగిలిన ముక్క. అక్కడ ఆకు కోయడం చట్టరీత్యా నేరం. కాబట్టి కళ్ళతో చూడటం, బొమ్మ గీయడం మాత్రమే. ఆ క్రమశిక్షణ కూడా పాఠమే. వడనెమ్మేలికి, తండరైకి వెళ్ళాలనుకుంటే ముందుగా అక్కడివారిని అడిగి, వారికి వీలైన రోజునే వెళ్ళాలి.

జాగ్రత్తలు

తల్లిదండ్రుల భయం మాకు తెలుసు. అది ఉండవలసిన భయమే. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజ విషపూరితమైనవి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. కాబట్టి బడిలో ఏ ఆకూ నోట్లో పెట్టకూడదు, ఏ కషాయమూ కాయకూడదు. మొదటి వారంలో నేర్పాల్సింది మందు మొక్కలను కాదు, ముట్టకూడని మొక్కలను. అడవి తెలిసినవారు తమ పిల్లలకు ముందు నేర్పేదీ అదే.

కామెర్లకు నేల ఉసిరి ఉంది కదా అని డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా ఆగకూడదు. పాము కరిస్తే ఏ ఆకు పసరూ వద్దు, నేరుగా ఆసుపత్రికే. పాముల సంగతి అందరికంటే ఎక్కువ తెలిసిన ఇరుళర్లే ఆసుపత్రి మందు కోసం విషం తీసి ఇస్తున్నారు. పిల్లలకు ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు, ఎప్పుడో ఒకప్పుడు ఒక ప్రాణం నిలుస్తుంది. తమకు తెలిసినదానికి హద్దు ఎక్కడో తెలియడం కూడా ఆ జ్ఞానంలో భాగమే.

మార్కులు వస్తాయా?

ప్రతి పేరెంట్స్ మీటింగులో వచ్చే ప్రశ్న ఇది. పదో తరగతి పరీక్షలో నేల ఉసిరి మీద ప్రశ్న రాకపోవచ్చు. కానీ వారం వారం చూసి, రాసి, పోల్చిన పిల్లవాడికి వర్గీకరణ, పరాగ సంపర్కం, విత్తన వ్యాప్తి బట్టీ పట్టక్కర్లేదు. ఉత్తరేణి కాయ లంగాకు అంటుకుని ఇంటిదాకా వచ్చిన పిల్లకు విత్తనాలు ఎలా వ్యాపిస్తాయో వేరే చెప్పాలా?

మద్రాసు తెలుగువారికి ఈ దారి కొత్తది కూడా కాదు. పేదవాడిగా ఈ పట్నానికి వచ్చి, ఆయుర్వేదం నేర్చి, కేసరి కుటీరం స్థాపించిన డాక్టర్ కె.ఎన్. కేసరికి పేరు తెచ్చిన మందు లోధ్ర. అది లొద్దుగ చెట్టు బెరడు పేరు. ఆ మందు మీద వచ్చిన డబ్బుతో ఆయన 1928లో గృహలక్ష్మి పత్రిక మొదలుపెట్టారు, స్త్రీల రచనలను ప్రోత్సహించారు, మైలాపూరులో తెలుగు పిల్లలకు బడి పెట్టారు. ఈ నగరంలో ఒక తెలుగు బడి వెనుక ఒక చెట్టు బెరడు ఉందన్నమాట. లొద్దుగ చెట్టును ఎన్నడూ చూడనివారు ఆ బడుల్లో ఎందరో చదివి ఉంటారు. ఆ బెరడును కొండ దిగి తెచ్చినవారి పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు. మనం గీసే చివరి గడి అలాంటివారి కోసమే.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారం పిల్లలను వారి పక్కన కూర్చోబెట్టండి. ఊళ్ళో ఉంటే ఫోను చేయించండి. ఐదు ఆకుల పేర్లు అడిగించి రాయించండి, పక్కనే చెప్పినవారి పేరు రాయించండి. సోమవారం ఆ కాగితం బడికి పంపండి. మిగతా పని మేము చూసుకుంటాం.